నాలో లేని మూడో ముడి

నేను ఒక సినిమా రీలును. మాటలు రాని రోజుల సినిమాకు చెందినదానిని. నా పొడవు వెయ్యి అడుగులకు ఒక మూర తక్కువ. తక్కువైన ఆ మూర కారణంగా ఒక ఆడపిల్ల బ్రతుకు ఏ మలుపు తిరిగిందో చెప్పడానికే ఇప్పుడు నోరు విప్పుతున్నాను. ముందుగా ఒక మనవి. నేను మూగదానినే గాని చెవిటిదానిని కాను. నా మీద మాటలు ముద్ర పడలేదు, అంతే. నా ఎదుట మనుషులు ఆడిన మాటలన్నీ విన్నాను. మాట్లాడని వస్తువు దగ్గర మనిషి జంకడు. అందుచేత నేను విన్నది తక్కువేమీ కాదు.

నా దేహం పత్తి. పత్తిని ఘాటైన ఆమ్లంలో నానబెట్టి, కర్పూరం కలిపి, పలుచని పొరగా సాగదీశారు. ఆ పొర మీద పశువుల ఎముకలు కాచి తీసిన జిగురు పూశారు. జిగురులో వెండి. పత్తి, కర్పూరం, వెండి అని చెబితే ఎవరైనా నన్ను పూజగదిలో పెట్టుకుంటారు. జిగురు సంగతి చెబితే వాకిట్లోకి రానివ్వరు. నా అనుభవంలో ఒక పురోహితులవారు నన్ను రెండు చేతులతో అందుకుని కళ్ళకు అద్దుకున్నారు. ఆయనకు జిగురు సంగతి ఎవరూ చెప్పలేదు.

నాకు మరొక గుణం ఉంది. దీపం ముందు కదులుతున్నంతసేపే నాకు క్షేమం. ఒక్కచోట ఆగితే అంటుకుంటాను. దీనిని గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను.

సముద్రం దాటి మద్రాసుకు, అక్కడి నుండి కాకినాడకు వచ్చాను. నన్ను తెప్పించుకున్నవారు దంటు భాస్కరమూర్తిగారు. ఆయనకు మెయిన్ రోడ్డులో ఫోటో స్టూడియో ఉండేది. బ్రతికి ఉండగా ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆ రోజులలో జనం భయపడేవారు. అందుచేత ఆయనకు వచ్చే పిలుపులలో సగం చావు ఇళ్ళ నుండి వచ్చేవి. పోయినవారిని కుర్చీలో కూర్చోబెట్టి, తల నిలబెట్టి, చివరి ఫోటో తీయడంలో ఆయనకు మంచి పేరు. పదిహేనేళ్ళు ఆ పని చేసిన మీదట బొంబాయి నుండి చేత్తో తిప్పే పాత సినిమా కెమెరా ఒకటి కొన్నారు.

"కదలని వాళ్ళని తీసి తీసి విసుగొచ్చిందయ్యా. ఇక కదిలే వాళ్ళని తీస్తాను. వీలైతే నవ్వే వాళ్ళని" అని పక్క దుకాణం పాపయ్యతో అన్నారు.

ఆయన తీసిన బొమ్మ పేరు 'అల్లుడుగారి పాడి'. కథ చిన్నది. పట్నంలో గుమాస్తా ఉద్యోగం చేసే ఒకాయన పల్లెటూరి పిల్లను పెళ్ళాడి, అత్తవారి ఊళ్ళో కాపురం పెడతాడు. పట్నం వదిలేస్తే చాలు, పాలు వాటంతట అవే చెంబులోకి వస్తాయని అతని నమ్మకం. గేదె అభిప్రాయం వేరు. గేదె అతనిని గడ్డివాములోకి ఒకసారి, కాలువలోకి రెండుసార్లు విసురుతుంది. చివరకు భార్య పాలు పితుకుతూ ఉంటే, అతను దూడను పట్టుకుని నిలబడతాడు. పావుగంట బొమ్మ.

అల్లుడు వేషానికి ముత్యాల వీరభద్రం దొరికాడు. నాటక సమాజంలో హాస్యగాడు. అప్పుడే కళ్ళ ముందు రైలు తప్పిపోయినవాడిలా ఉండే ముఖం అతనిది. తల్లీ తండ్రీ లేరు. ఇల్లు లేదు. సమాజం ఎక్కడ గుడారం వేస్తే అదే ఊరు.

చిక్కు అంతా పెళ్ళికూతురి దగ్గర వచ్చింది. ఆ రోజులలో నాటకాలలో ఆడవేషాలు మగవారే వేసేవారు. దీపాల వెలుగులో అది చెల్లింది. భాస్కరమూర్తిగారికి ఎండ కావాలి. ఎండలో ఎంత పౌడరు పూసినా గడ్డం నీడ దాగదు. నలుగురిని నిలబెట్టి చూసి, "నలుగురూ చక్కని పెళ్ళికొడుకులే" అని పంపేశారు. ఆ సంగతి గోడ అవతల నుండి విని నవ్విన మనిషి సీతారత్నం.

గుడిమెట్ల పాపయ్యది నాటకాల సామాను అద్దెకిచ్చే దుకాణం. కిరీటాలు, గదలు, జడలు, మీసాలు. స్టూడియోకూ దానికీ మధ్య ఒకే గోడ. సీతారత్నం పాపయ్య కూతురు. పద్దెనిమిదేళ్ళది. తల్లి పోయింది. దుర్యోధనుడి అంగీకి చంకలో చిరుగు కుట్టాలన్నా, ద్రౌపది జడకు సవరం కలపాలన్నా ఆమె చెయ్యే పడాలి. ఆ చెయ్యి లేకపోతే దుకాణం నడవదు కనుక పాపయ్య ఆమె పెళ్ళి సంగతి సంవత్సరాల తరబడి ఎత్తలేదు. దానిని కూతురి మీది ప్రేమ అనుకునేవాడు. కుట్టుపని ఏదైనా సగంలో ఆగిపోయి కనబడితే సీతారత్నానికి చెయ్యి ఊరుకునేది కాదు. బేరానికి వచ్చినవాళ్ళు వదిలేసి వెళ్ళిన పంచె అంచు కూడా కుట్టి పెట్టేది.

"మీ అమ్మాయి వేస్తే బాగుంటుంది పాపయ్యా. మాటలు లేవు. పాట లేదు. నాలుగు రోజుల పని" అని భాస్కరమూర్తిగారు అడిగారు.

"పరువు పోదు గదండీ?"

"కాకినాడలో తియ్యం. పల్లెటూళ్ళో తీస్తాం."

పల్లెటూళ్ళో జరిగితే పట్నంలో పరువు పోదని పాపయ్యకు నచ్చింది. సరే అన్నాడు.

వేలంగిపాడు అనే ఊళ్ళో మునసబుగారి కళ్ళంలో పందిరి వేశారు. ఎండ పడాలి కనుక పందిరికి పైకప్పు వేయలేదు. నాలుగు రాటలు పాతి, మామిడాకులు కట్టి వదిలేశారు. ఊరివాళ్ళు దానిని చూసి, పట్నంలో పెళ్ళిళ్ళు ఇలాగే చేస్తారు కాబోలు అనుకున్నారు. పురోహితుడుగా నటించడానికి ఆ ఊరి పురోహితులు విశ్వపతిగారినే పిలిచారు. నిజం పురోహితుడు ఉండగా వేషగాడు ఎందుకన్నది భాస్కరమూర్తిగారి వాదన. ఈ కథలో పొరపాటు అంటూ ఉంటే అదే.

"పంతులుగారూ, ఇందులో మాట వినబడదు. మీరు ఊరికే పెదాలు కదిపితే చాలు."

"మంత్రం లేకుండా పెదాలు కదపటం నాకు చేతకాదండి. నలభై ఏళ్ళుగా అలవాటు లేదు."

"అయితే ఏదో ఒకటి చదవండి."

"అదీ చేతకాదండి. పెళ్ళికి పెళ్ళి మంత్రమే చదువుతాను. మీకు వినబడకపోతే అది మీ యంత్రం లోపం."

ఆపైన ఆయన గోత్రాలు అడిగారు. వీరభద్రానికీ సీతారత్నానికీ దొంగ గోత్రం చెప్పాలన్న ఆలోచన రాలేదు. నిజమైనవే చెప్పారు. రెండూ వేరువేరని విశ్వపతిగారు సంతోషించారు. పంచాంగం తీసి చూసి, పది గంటల నలభై రెండు నిమిషాలకు మంచి లగ్నం ఉన్నదని, ఆ వేళకు ఎండ కూడా నెత్తి మీదికి వస్తుంది కనుక రెండు శాస్త్రాలకూ పేచీ లేదని అన్నారు. పాపయ్య తెచ్చిన ఇత్తడి తాళికి పట్టుదారం ఉంది. అది చెల్లదని, ఇంటికి మనిషిని పంపి పసుపుతాడు తెప్పించారు. నటించమని పిలిచినందుకు ఆయన చేయకుండా వదిలిపెట్టినది ఏదీ లేదు.

ఇక్కడ భాస్కరమూర్తిగారి పనితీరు ఒకటి చెప్పాలి. కెమెరా ఆయనే తిప్పేవారు. పిడి ఒక చుట్టుకు ఒక 'గోవిందా' చొప్పున లెక్క పెట్టుకునేవారు. పెట్టెలో పట్టే ఫిల్ము సరిగ్గా నాలుగు వందల గోవిందలకు సరిపోతుంది. చివరకు వస్తూండగా "చాలు" అంటారు. ఆ మాట వినబడిన వెంటనే ఎవరి చేతులు వాళ్ళు తీసేయాలని ముందే గట్టిగా చెప్పి ఉంచారు. ఆ రోజు ఆయన గోవింద అనగానే కళ్ళం చుట్టూ చేరిన జనం పుణ్యమని అందుకున్నారు. ఒకవైపు మంత్రం, ఒకవైపు గోవింద, మధ్యలో పొగ.

కెమెరాను పెళ్ళికూతురి వెనుక పెట్టారు. తాళి కడుతూ వీరభద్రం పెట్టే ముఖాలు ఆమె భుజం మీదుగా కనబడాలి. ఆమె వంచిన మెడ, మెడ వెనుక అతని వేళ్ళు. ఒక ముడి. అతని కళ్ళద్దాలు ముక్కు చివరకు జారాయి. రెండో ముడి. కళ్ళద్దాలు ఊడి ఆమె ఒడిలో పడ్డాయి. అక్కడ భాస్కరమూర్తిగారు "చాలు" అన్నారు. కాని పిడి తిరుగుతున్న చెయ్యి మాట అన్నంత వేగంగా ఆగదు. మరి మూడు గోవిందలు తిరిగిన తరువాత ఆగింది.

ఆ మూడు గోవిందలే ఆ మూర.

అప్పుడు కెమెరాలో తిరిగినది నా తల్లి. ఆమెలో నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా ఉంటుంది. ఆమె నుండి నన్ను అచ్చు తీశారు. ఆమె చూసినదీ విన్నదీ అలా నాకు దిగింది. తరువాత ఆమెను గాజులు చేసేవాళ్ళకు అమ్మేశారు. మా పదార్థం కరిగిస్తే మంచి గాజులు వస్తాయట. ఏ ఊళ్ళో ఏ ముంజేతిని చేరిందో నాకు తెలియదు. నన్ను అచ్చు తీసి చూస్తే ఆ పెళ్ళి ముక్కలో చివరి మూర వెలుగు తగిలి అంచుల వెంట తెల్లబడి ఉంది. భాస్కరమూర్తిగారు దానిని కత్తెరతో కోసి బుట్టలో వేశారు. రెండో ముడి పడగానే గేదె వచ్చేటట్లు అతికించారు. మా జాతికి జ్ఞాపకమూ దేహమూ ఒకటే. ఆ మూర పోయిన తరువాత, అందులో ఏముందో నాకు తెలియకుండా పోయింది.

ఆ సాయంత్రం అద్దె బట్టలు తీసుకుపోవడానికి సీతారత్నం స్టూడియోకు వచ్చింది. బుట్టలోని ముక్కను కిటికీ వైపు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. దానిని బొటనవ్రేలికి చుట్టి, చుట్టను కొంగున ముడివేసుకుంది. భాస్కరమూర్తిగారు చూడలేదు. చూసినా అడిగేవారు కారు. చెత్త ఎవరు పట్టుకుపోయినా ఆయనకు సంతోషమే.

నన్ను ఒక గుడారం సినిమావాళ్ళు తీసుకుని ఊరూరా తిప్పారు. మూగబొమ్మకు తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండాలి. ఆ పనికి వీరభద్రమే కుదిరాడు. తన బొమ్మ పక్కన తానే నిలబడి, చేతికర్రతో తననే చూపిస్తూ, "ఇదుగోనండి, ఈ సన్నాసి ఇప్పుడు గేదె తోక పట్టుకుంటాడండి. వద్దురా అని మీరూ చెప్పండి, నేనూ చెప్తన్నాను, వినడండి" అని జనాన్ని నవ్వించేవాడు. పావుగంటలో ఒక్కచోట మాత్రం మాట్లాడేవాడు కాదు. ఆమె వంచిన మెడ తెర మీదికి రాగానే కర్ర దించేవాడు. మంచినీళ్ళు తాగుతున్నాడని జనం అనుకునేవారు.

కాకినాడ వచ్చినప్పుడల్లా అతను పాపయ్య దుకాణంలో మీసాల జిగురు కొనేవాడు. ఒక మనిషి ముఖం మీద పట్టే మీసానికి అంత జిగురు అవసరం లేదు. ఆ రోజులలో నన్ను స్టూడియోలోనే దింపేవారు. గోడ ఇవతల ఉండి నేను విన్నవి ఇలాంటి మాటలే.

"మొన్నే గదండీ పట్టుకెళ్ళారు."

"ఎండకి ఆరిపోయిందండి."

"మూత పెట్టుకోవాలండి."

"మూత పెడితే మళ్ళీ రావక్కర్లేదు గదండీ."

ఆమె నవ్వును ఆపుకుని మరొక సీసా ఇచ్చేది. అతను అంతకంటే ముందుకు పోలేదు. "సొంత కొంప లేదండి, గుడారం ఉంది. గాలొస్తే అదీ ఉండదు" అని ఒకసారి అన్నాడు.

ఇలా ఉండగా పాపయ్య ఆమెకు సంబంధం ఖాయం చేశాడు. పెద్దాపురంలో పొగాకు వర్తకుడు చోడిశెట్టి గవరయ్య. నలభై రెండేళ్ళు. ఇద్దరు భార్యలు పోయారు.

"నాకిష్టం లేదు నాన్నా" అన్నది సీతారత్నం.

"ఇష్టం ఏంటే? మూడు గొడౌన్లున్నాయి."

"నన్ను చేసుకునేది గొడౌన్లు కాదు గదా."

"మరి ఎవర్ని చేసుకుంటావ్?"

ఆమె చెప్పలేదు. చెప్పవలసినవాడు అడగలేదు. అడగనివాడి పేరు ఏమని చెబుతుంది? తాంబూలాలు పుచ్చుకున్నారు. ఇరవై రోజులలో పెళ్ళి.

గవరయ్య గురించి న్యాయంగా చెప్పాలి. చెడ్డవాడు కాడు. పొగాకు బేలును నాలుగు మూలలా విప్పి, ఆకు వాసన చూసి గాని కొనని మనిషి. పెద్దాపురం తీర్థానికి మా గుడారం వెళ్ళింది. తొలి ఆటకే గవరయ్య వచ్చి ముందు బల్ల మీద కూర్చున్నాడు. గేదెను చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. రెండో ఆటకు మళ్ళీ వచ్చాడు. ఈసారి పెళ్ళికూతురి ముఖాన్ని చూశాడు. తాంబూలాల నాడు చూసిన ముఖమే. నవ్వడం మానేశాడు.

అతను కేకలు వేయలేదు. పాపయ్యను నిలదీయలేదు. బొమ్మ ఎక్కడ తీశారో గుడారంలో కనుక్కుని, మర్నాడు బండి కట్టించుకుని వేలంగిపాడు వెళ్ళి విశ్వపతిగారిని అడిగాడు. ఆ సాయంత్రమే విశ్వపతిగారిని, కాకినాడ నుండి పాపయ్యను, భాస్కరమూర్తిగారిని, సీతారత్నాన్ని, గుడారం నుండి వీరభద్రాన్ని, యంత్రంతో సహా నన్ను తన గొడౌనుకు రమ్మని కబురు పెట్టాడు.

మూడోనాడు మధ్యాహ్నం అందరం చేరాం. గొడౌను తలుపులూ కిటికీలూ మూసి చీకటి చేశారు. పొగాకు బేళ్ళ మధ్య తెల్లని దుప్పటి కట్టారు. గవరయ్య వైపు పెద్దలు నలుగురు చుట్టలు కాల్చుకుంటూ కూర్చున్నారు. పొగాకు, చుట్టలు, నేను. నాకు ప్రాణభయం అంటే ఏమిటో ఆ పూట తెలిసింది. సీతారత్నం ఒక బేలు వెనుక తండ్రి పక్కన కూర్చుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అడగడానికి నన్ను తెచ్చుకున్నారు.

"పంతులుగారూ, నాకు చెప్పింది వీళ్ళకీ చెప్పండి" అన్నాడు గవరయ్య.

విశ్వపతిగారు నన్ను రెండు చేతులతో అందుకుని, కళ్ళకు అద్దుకుని, యంత్రం దగ్గర పెట్టారు. "అబద్ధం ఆడనండి. మంత్రం చదివాను. అగ్ని వేశాను. లగ్నం చూశాను. గోత్రం చెప్పి సంకల్పం చేశాను. మూడు ముళ్ళూ పడి ఉంటే ఈ పిల్ల పెళ్ళయిన పిల్లే. మళ్ళీ పెళ్ళి నేను చెయ్యను, మరొకర్ని చెయ్యనివ్వను. రెండు ముళ్ళ దాకా చూశాను. అంతలో పళ్ళెం ఒరిగి అక్షింతలు పడితే ఏరుకుంటున్నాను. మూడోది నేను చూళ్ళేదు."

"నాటకమండీ అది" అన్నాడు పాపయ్య.

"మీకు నాటకం. నా నోట్లో మంత్రానికి ఆ సంగతి తెలీదు గదా."

"ఆ తాడేదీ? చూస్తే తెలుస్తుంది" అన్నాడు ఒక పెద్దాయన.

పాపయ్య తల గోక్కున్నాడు. "అద్దె సామాన్లో వేసేశానండి. ఈ ఏడాదిలో అది పాతిక పెళ్ళిళ్ళు చేసింది. రుక్మిణికి కట్టారు, సుభద్రకి కట్టారు. ఎన్ని ముళ్ళు వేశారో, ఎన్ని విప్పారో."

"అయితే బొమ్మే చెప్పాలి" అన్నాడు గవరయ్య. "వీరభద్రం, నువ్వు మాట్టాడకు. దాన్నే చెప్పనీ."

నన్ను తిప్పారు. ఒక ముడి. రెండో ముడి. గేదె.

మళ్ళీ తిప్పారు. ఒక ముడి. రెండో ముడి. గేదె. చుట్టలు నోట్లోనే ఉండగా పెద్దలు ముందుకు వంగారు. మూడోసారి తిప్పుతూ ఉంటే వారిలో ఒకాయన, "ఆపు, అక్కడ ఆపు" అని గద్దించాడు. తిప్పేవాడు జడిసి ఆపాడు. ఆగితే ఏమవుతుందో ముందే మనవి చేశాను. దుప్పటి మీద ఆమె మెడ మధ్యలో ఒక గోధుమరంగు చుక్క పుట్టి, పొంగి, నల్లని చిల్లు అయింది. వీరభద్రం తన పైపంచెను నీళ్ళకుండలో ముంచి నా మీద వేశాడు. నా మీది చిన్న బొమ్మలు నాలుగు కాలిపోయాయి. ఆ మచ్చ ఈనాటికీ నాకు ఉంది.

తలుపులు తెరిచారు. వెలుగు వచ్చింది. గవరయ్య దగ్గి, "ముమ్మారు చూశాం. రెండే ముళ్ళు. మరి పెళ్ళి కానట్టే గదండీ పంతులుగారూ?" అన్నాడు.

"రెండే అయితే కానట్టే."

"అయితే అనుకున్న ముహూర్తానికే కానిద్దాం. నా మనసులో ఏం లేదు పాపయ్యా. బేలు విప్పి చూసుకున్నాను, అంతే."

పాపయ్య రెండు చేతులూ జోడించాడు. వీరభద్రం తడిసిన పంచెను పిండుతూ ఉన్నాడు. అది పిండి పిండి పొడిబారిపోయింది. అయినా పిండుతూనే ఉన్నాడు.

అప్పుడు బేలు వెనుక నుండి సీతారత్నం లేచి నిలబడింది.

"మూడో ముడి పడిందండి."

పాపయ్య ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు. "కూర్చోవే."

"అడగలేదని ఊరుకున్నాను నాన్నా. నా మెడే గదా. చాలు అన్నాక పడింది. బొమ్మలో ఉండదు."

భాస్కరమూర్తిగారు కొంచెం ఆలోచించి, "చివర్న మూరెడు ముక్క ఉండాలి. వెలుగు తగిలిందని కోసేశాను" అన్నారు.

"ఎక్కడుందండీ?" అన్నాడు గవరయ్య.

"బుట్టలో వేశాను. ఏడాదైంది. ఇంకా ఎక్కడుంటుంది?"

సీతారత్నం నేల చూస్తూ నిలబడింది. ఆ ముక్క ఎక్కడుందో ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఆమెకు, నాకు.

విశ్వపతిగారు వీరభద్రం వైపు తిరిగారు. "ఏం నాయనా? అగ్నిసాక్షిగా చెప్పు. మూడు ముళ్ళున్నాయా?"

వీరభద్రం పంచెను కింద పెట్టాడు. జీవితంలో అందరినీ నవ్వించిన ఆ ముఖంలో ఆ క్షణాన నవ్వించేది ఏమీ లేదు. ఆమెను ఒకసారి చూశాడు. ఆమె చూడలేదు.

"ఉన్నాయండి. కళ్ళద్దాలు తీసుకోటానికి వంగినప్పుడు చూశాను. మూడున్నాయి. లెక్కపెట్టాను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"కొంప లేదండి నాకు. ఏ మొహంతో చెప్పను?"

"కొంప ఇప్పుడు కూడా లేదు గదా" అన్నది సీతారత్నం నెమ్మదిగా. "ఇప్పుడెలా చెప్పారో అప్పుడూ అలాగే చెప్పొచ్చు."

పెద్దలలో ఒకాయన నవ్వాడు. విశ్వపతిగారు పంచాంగం మూసి, "మూడుంటే అయినట్టే. సందేహం లేదు" అన్నారు.

గవరయ్య చాలాసేపు తన చుట్ట కొసను చూసుకున్నాడు. ఆ తరువాత, "నయం. పెళ్ళయ్యాక తెలిస్తే మీకూ అప్రతిష్టే, నాకూ అప్రతిష్టే" అన్నాడు. లేచి వెళుతూ, తిప్పేవాడి దగ్గర ఆగి, "అయితే అయింది గాని, ఆ గేదె కాడ ఇంకోసారి తిప్పవయ్యా" అన్నాడు. తలుపులు మళ్ళీ మూశారు. అందరూ నవ్వారు. పాపయ్య కూడా నవ్వాడు. మనుషులకు ఒక బ్రతుకు తీర్పు అయిపోయిన వెంటనే గేదె కావలసి వస్తుంది.

ఆ తరువాత సంగతులు పొడవైనవి. నాకు పొడవుకు పరిమితి ఉంది. సీతారత్నం గుడారంతో పాటు తిరిగింది. చిరుగులు కుట్టింది. టిక్కెట్లు చింపింది. వీరభద్రం ఆమె మెడ తెర మీదికి వచ్చినప్పుడు ఇక మౌనంగా ఉండేవాడు కాదు. "ఈ పెళ్ళికూతురు అదుగోనండి, గుమ్మం కాడ టిక్కెట్లు చింపుతోంది" అని కర్రతో చూపించేవాడు. అయిదారేళ్ళకు మాట్లాడే సినిమాలు వచ్చాయి. తెర తానే మాట్లాడుతుంటే పక్కన మనిషి ఎందుకు? గుడారం అమ్మేశారు. వేలంగిపాడులోనే విశ్వపతిగారి పెరటి వెనుక రెండు గదుల ఇల్లు చూసుకుని, రెండు గేదెలు కొన్నారు. వీరభద్రానికి పాలు పితకడం చివరి వరకు రాలేదు. దూడను మాత్రం చక్కగా పట్టుకునేవాడు. దానిని చూడడానికి డబ్బిచ్చి వచ్చేవారు ఎవరూ లేకపోవడం ఒక్కటే తేడా.

నన్ను రేకు డబ్బాలో పెట్టి అటక మీద ఉంచారు. అక్కడ నలభై ఏళ్ళకు పైగా ఉన్నాను. వేసవులు నన్ను కుదించాయి. వానలు అంచులను జిగటగా చేశాయి. వీరభద్రం పోయాడు. పన్నెండేళ్ళకు సీతారత్నం పోయింది. వారి కూతురు భ్రమరాంబగారు, హెడ్మిస్ట్రెస్‌గా చేసి విరమించినావిడ, ఇల్లు సర్దుతూ నన్ను దింపారు. తల్లి కుంకుమభరిణె అడుగున, కుంకుమ అంటిన చిన్న ఫిల్ము చుట్ట ఒకటి కనబడింది. ఆవిడకు అది ఏమిటో తెలియలేదు. నాతో పాటు ఉండవలసినదేమో అనుకుని, ఇద్దరినీ దూరపు నగరంలోని సినిమాల భాండాగారానికి తీసుకుపోయారు.

అక్కడ చల్లని గదిలో, తెల్లని చేతితొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి నన్ను బల్ల మీద విప్పింది. కుంకుమను మెత్తని బట్టతో తుడిచి, ఆ ముక్క కొసను, రెండో ముడి దగ్గర నా కోసిన కొసకు ఆనించింది. కత్తెర వంకర వంకరకు సరిపోయింది. ఒక మూర. ఇరవై నాలుగు బొమ్మలు. ఒక్కసారిగా నాకు అంతా గుర్తుకు వచ్చింది.

"మీ అమ్మగారేనా అండీ? చూడండి, ఎంత స్పష్టంగా ఉందో" అని ఆ అమ్మాయి కింద దీపం వేసి భూతద్దం ఇచ్చింది. ఈ దీపం చల్లనిది. దీని మీద ఎంతసేపు ఆగినా నేను కాలను.

భ్రమరాంబగారు కళ్ళద్దాలు సర్దుకుని వంగారు. మొదటి బొమ్మలలో పెళ్ళికొడుకు చేతులు వెనక్కు వెళుతున్నాయి. 'చాలు' అన్న మాటకు ఆగిన చేతులు. అటుపైన అతను ఆమె ఒడిలోని కళ్ళద్దాల కోసం వంగుతున్నాడు. ఒక మూలన పురోహితులవారు అక్షింతలు ఏరుతున్నారు. పెళ్ళికూతురిని ఎవరూ చూడడం లేదు. వంచిన మెడ మీదికి ఒక చెయ్యి వచ్చింది. గాజుల చెయ్యి. తాడు కొసలు రెండూ వెతికి పట్టుకుంది. చివరి రెండు బొమ్మలలో, వెలుగు తగిలి తెల్లబడిన అంచుల మధ్య, ఆ వేళ్ళు ముడి బిగిస్తున్నాయి.

రెండే వేసిన మనిషి ఆనాడు గొడౌనులో "మూడున్నాయి, లెక్కపెట్టాను" అన్నాడు. ఎవరు వేశారని విశ్వపతిగారు అడగలేదు. అడగనిదానికి ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

భ్రమరాంబగారు భూతద్దం దించి, కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. ఆ అమ్మాయి, ఏదైనా తప్పుగా అన్నానేమో అన్నట్లు చూసింది.

"మా అమ్మకి అదే అలవాటు" అన్నారు భ్రమరాంబగారు. "సగంలో వదిలేసిన పని కనబడితే చెయ్యి ఊరుకునేది కాదు."

"అతికించమంటారా అండీ?"

"అతికించండి. గేదెకి ముందర."